కారు సావిడి

పెరట్లో గ్యారేజి కట్టించబోతున్నానని ఫోనులో చెప్పగానే నాన్నగారు వేసిన మొదటి ప్రశ్న: "అదేమిట్రా, ఇప్పుడు మెకానిక్కు పనిలోకి దిగుతున్నావా?" ఆయన తప్పేమీ లేదు. మన ఊళ్ళలో గ్యారేజి అంటే నల్లని నూనె మరకల నడుమ లారీల కింద దూరి మనుషులు పనిచేసే చోటు, లేదా ఆర్టీసీ డిపోలో బస్సులు బాగుచేసే చోటు. ఇంట్లో కారు పెట్టుకునేదాన్ని షెడ్డు అంటాం. కనుక షెడ్డు అని సవరించుకున్నాను. "రేకులా, స్లాబా?" అన్నది రెండో ప్రశ్న. స్లాబే, కాకపోతే అది కింద, పైన చెక్క దూలాలు అన్నాను. మనకు స్లాబంటే నెత్తిమీద ఉండేది, వీళ్ళకు కాళ్ళకింద ఉండేది. ఆయనకు కట్టడం తలకిందులుగా కనిపించి ఉంటుంది. చివరికి "కావాలంటే రేపు దాన్నే అవుట్‌హౌసు చేసుకోవచ్చులెండి" అన్నాను. ఆ మాట ఆయనకు చప్పున అర్థమయింది. కంచెకు అవతల గులాబీలకు నీళ్ళు పెడుతూ, మా తెలుగు సంభాషణలో ఆ ఒక్క మాటా చెవిన పడిన పొరుగాయన మాత్రం నీళ్ళ గొట్టం పట్టుకుని అలాగే నా వంక చూస్తూ ఉండిపోయాడు. అమెరికా ఇంగ్లీషులో అవుట్‌హౌసంటే పెరట్లో గోతి మీద కట్టిన పాతకాలపు మరుగుదొడ్డి.

ఆ పూట నవ్వుకున్నాం గానీ, రాత్రి ప్లాను కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఈ తికమక వట్టి మాటల తికమక కాదనిపించింది. నేను కట్టబోయేది వాహనానికా, మనిషికా అన్నది నాకే తేలలేదు. మూడు నెలలుగా ఈ పని మీదే తిరుగుతున్నాను. తిరిగి తిరిగి ఒక అభిప్రాయానికి వచ్చాను. ఇంటికి విడిగా గ్యారేజి కట్టుకునేవారు దాన్ని ఏనాటికైనా మనిషి నివసించదగిన కట్టడంగా మార్చుకునే వీలుంచి కట్టాలి. అది ఇప్పుడు ఎక్కువ ఖర్చుతో పని కాదు. తర్వాతైతే దాదాపు అసాధ్యం. అమెరికాలో ఇళ్ళు కొనుక్కున్న మిత్రుల్లో చాలామంది దీన్ని పట్టించుకోవడం లేదు కాబట్టి ఇది వ్రాస్తున్నాను.

మాది కాలిఫోర్నియాలో శాంటా క్లారా లోయలో 1940ల నాటి ఇల్లు. రెండు పడకగదులు, చిన్న హాలు. వెనక పెరటి మూలన, కంచెకు రెండడుగుల దూరంలో, ఒంటి కారుకు సరిపడే చెక్క గ్యారేజి. ఒంటి కారు అన్నానే గానీ, ఆనాటి కారు. నేటి వాహనాన్ని లోపలికి తోలితే తలుపు తీసుకుని దిగడానికి చోటుండదు. చెదలు పట్టి దక్షిణపు గోడ కింది చెక్క పిండిలా రాలుతోంది. దాన్ని పడగొట్టి రెండు కార్ల గ్యారేజి కట్టాలన్నది మా సంకల్పం.

వీధిలో మా ఇంటి తరువాత కట్టిన ఇళ్ళన్నిటికీ గ్యారేజి ఇంటిని అంటుకునే ఉంటుంది. పాతవాటికే ఇలా దూరంగా పెరట్లో. ఎందుకని ఆరా తీస్తే తెలిసిందేమంటే, కారు వచ్చి గుర్రపుశాల స్థలంలో దిగింది. గుర్రాన్ని వాసనకూ ఈగలకూ జడిసి ఇంటికి దూరంగా కట్టేసేవారు. కారు వచ్చాక పెట్రోలు నిప్పంటుకుంటుందన్న భయంతో అదే దూరాన్ని కొనసాగించారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఆ భయం తగ్గి, కారు ఇంట్లోకి నడిచి వచ్చి వీధి ముఖాన్నే ఆక్రమించింది. గ్యారేజి అన్న మాట ఫ్రెంచివారిది, భద్రమైన చోట నిలిపి ఉంచడమని అర్థం వచ్చే క్రియ నుండి పుట్టింది. ధనవంతుల ఇళ్ళలో గుర్రపుబండి ఉండే కట్టడానికి పైన అటక మీద బండి తోలేవాడు కాపురముండేవాడు. అంటే వాహనం, మనిషి ఒకే కప్పు కింద ఉండడం ఈ దేశానికీ కొత్త కాదు.

మనకైతే అసలే కాదు. మా తాతగారి ఇంట గొడ్ల సావిడి ఇంటికి ఎదురుగా వేరుగా ఉండేది. ఒక పక్క ఎడ్లు, ఆవు, ఒక పక్క బండి, మధ్యలో గచ్చు చేసిన ఎత్తైన అరుగు. ఆ అరుగు మీదే పాలేరు పడుకునేవాడు, ఎండాకాలం తాతగారు పడుకునేవారు, పెళ్ళిళ్ళప్పుడు ఇంటినిండా చుట్టాలుంటే మగవాళ్ళందరి పడకలూ అక్కడే. ఎవరూ దాన్ని అవమానంగా అనుకున్నట్లు నాకు గుర్తు లేదు. పశువు కోసం కట్టినా మనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టిన కట్టడం అది. నేల ఎత్తుగా ఉండేది, చెమ్మ ఎక్కేది కాదు, గాలి వచ్చేది. చుట్టూ వాన నీరు పోయే వాలు ఉండేది. కట్టిన మేస్త్రికి ఏ నిబంధనావళీ తెలియదు గానీ ఈ నాలుగూ తెలుసు.

మాకు కాస్త దూరంలో పాలో ఆల్టోలో అడిసన్ అవెన్యూ 367వ నంబరు ఇంటి వెనక ఒక గ్యారేజి ఉంది. 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. హ్యూలెట్, ప్యాకార్డ్ ఇద్దరూ 1939లో 538 డాలర్ల పెట్టుబడితో తమ సంస్థను మొదలుపెట్టింది అందులోనే. ఈనాడది చారిత్రక స్థలం, సిలికాన్ లోయకు పుట్టినిల్లని ముందు ఫలకం కూడా పెట్టారు. వీధిలో నిలబడి చూడవలసిందే, లోపలికి సందర్శకులను రానివ్వరు. అందరూ ఆ గ్యారేజీ గురించి చెబుతారు. నన్ను ఆకట్టుకున్నది దాని పక్కనున్న చిన్న గుడిసెలాంటి షెడ్డు. ప్యాకార్డ్ దంపతులు ఇంట్లో కింది వాటాలో అద్దెకుంటే, బ్రహ్మచారి అయిన హ్యూలెట్ ఆ షెడ్డులో పడుకునేవాడు. ఆ రోజుల్లో అడిగేవారు లేరు. ఇప్పుడైతే పొరుగువారెవరో నగరపాలక కార్యాలయానికి ఫోను చేసి ఉండేవారు.

ఇక గ్యారేజీలో కారు ఉంటుందా అంటే అదీ అనుమానమే. లాస్ ఏంజలస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరు అక్కడి 32 కుటుంబాల ఇళ్ళను ఏళ్ళ తరబడి పరిశీలించి 2012లో ఒక పుస్తకం వెలువరించారు. వారు చూసిన గ్యారేజీల్లో నాలుగింట మూడు వంతులకు కారు పెట్టే చోటే లేదట, అంతా అట్టపెట్టెలు, పాత సామానే. చదివి నవ్వుకుని, మా గ్యారేజి తలుపు ఎత్తి చూశాను. ఇండియా నుండి తెచ్చి వాడని రెండు వెట్ గ్రైండర్లు, పిల్లల పాత సైకిళ్ళు, 2008లో కొన్న ముద్రణయంత్రం పెట్టె (యంత్రం లేదు, పెట్టె మాత్రమే), దసరా బొమ్మల కొలువు మెట్లు. కారు వాకిట్లో ఎండకు ఎండుతోంది.

అలాంటప్పుడు కారు కోసం ఇంత పకడ్బందీగా నిబంధనలు ఎందుకు వ్రాశారన్నది నాకు చాలాకాలం అంతుపట్టలేదు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా నగరాలు ప్రతి ఇంటికీ ఇన్ని కార్ల చోటు ఉండి తీరాలని నియమం పెట్టాయి. ఇంట్లో ఎందరు మనుషులకు చోటుండాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. ఈ వైపరీత్యాన్ని జీవితమంతా ఎత్తిచూపినవాడు డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు. ఉచితంగా కనబడే పార్కింగుకు నిజంగా ఎంత ఖరీదు పడుతుందో లెక్కగట్టి 2005లో పెద్ద గ్రంథమే వ్రాశాడు. 2025లో కన్నుమూశాడు. ఆయన వాదన కొంత ఫలించింది. 2023 జనవరి నుండి కాలిఫోర్నియాలో ప్రధాన రైలు, బస్సు స్థానాలకు అరమైలు లోపల కొత్త కట్టడాలకు పార్కింగు తప్పనిసరి అనే అధికారం నగరాలకు దాదాపుగా పోయింది.

పెరట్లో రెండో ఇల్లు సంగతి కూడా అంతే. కాగితం మీద 1982 నుండే రాష్ట్ర చట్టం ఉంది. కానీ నగరాలు ఇంత స్థలం ఉండాలి, ఇన్ని కార్లకు కప్పు ఉండాలి, ఇంత దూరం వదలాలి అంటూ మెలికలు పెట్టి దాన్ని పడుకోబెట్టాయి. 2017లో, తరువాత 2020 జనవరి 1 నుండి, రాష్ట్రం ఆ మెలికలను ఒక్కొక్కటే విప్పింది. ఇప్పుడు ఉన్న గ్యారేజీని అనుబంధ నివాసంగా మార్చుకుంటే, పోయిన కారు చోటుకు బదులు మరొకటి చూపమని నగరం అడగరాదు. ఉన్న కట్టడాన్ని మారిస్తే, లేదా అదే స్థానంలో అదే కొలతలతో తిరిగి కడితే, సరిహద్దు నుండి దూరం వదలమనరాదు. కొత్తగా కడితే పక్కనా వెనకా నాలుగడుగులు చాలు. 750 చదరపు అడుగుల లోపు అయితే అభివృద్ధి రుసుములు వేయరాదు. ఇది చిన్న మార్పు కాదు. మనుషులకంటే కార్లకే ఎక్కువ మర్యాద జరిగిన నేల మీద ఇది తిరుగుబాటే. నేను కంచెకు రెండడుగుల దూరంలోని ఆ చెదల గ్యారేజీని తొందరపడి పడగొట్టకపోవడానికి కారణం కూడా ఈ రెండో వాక్యమే. దాని స్థానమే దాని ఆస్తి.

ఇక్కడ పెద్ద చిక్కొకటి ఉంది. చట్టం మారినా నేల మారదు. కట్టడ నిబంధనావళి గ్యారేజీకి కొన్ని రాయితీలు ఇస్తుంది, ఇందులో మనుషులుండరు గదా అని. కాంట్రాక్టర్లు ఆ రాయితీలన్నిటినీ వాడుకుంటారు. వాడుకోవడం నేరం కాదు, ధర తగ్గుతుంది. కానీ ఆ రాయితీలలో ప్రతి ఒక్కటీ రేపు మనిషి అందులోకి వెళ్ళబోతే అడ్డంగా నిలబడేదే.

మొదటిది ప్లాస్టిక్ పట్టా. నివాసగృహంలో కాంక్రీటు నేల పోసేముందు కింద కంకర పరిచి, దాని మీద 10 మిల్ మందం గల పట్టా పరుస్తారు. మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు. భూమిలోని చెమ్మ ఆవిరిగా కాంక్రీటులోంచి పైకి రాకుండా ఆపేది అదే. వేడి చేయని విడి గ్యారేజీకి ఈ పట్టా అక్కరలేదని నిబంధనావళి మినహాయించింది. కారు టైర్లకు చెమ్మ వల్ల వచ్చే నష్టమేమీ లేదు మరి. కానీ రేపు ఆ నేల మీద చెక్కో కార్పెట్టో పరిస్తే కింద బూజు పడుతుంది, పడుకున్నవారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పోసిన కాంక్రీటు కిందికి పట్టా దూర్చే విద్య లోకంలో ఎవరికీ లేదు. పైన రంగులూ పూతలూ వేసి సర్దుకోవాలి, అవి ఖరీదూ ఎక్కువే, నమ్మకమూ తక్కువే. మా కాంట్రాక్టరు "గ్యారేజీకి అది అవసరం లేదండీ" అని మూడుసార్లు చెప్పాడు. మొత్తం నేలకు ఆ పట్టా ఖరీదు మా నలుగురం ఓ పూట బయట భోంచేసిన ఖర్చుకు మించదు.

రెండోది నేల వాలు. గ్యారేజి నేల పెద్ద తలుపు వైపు వాలుగా ఉండాలి, కారు నుండి కారిన నీరూ నూనే బయటికి పోవాలి. ఇది నియమం, మంచి నియమం కూడా. అడుగుకు అంగుళంలో ఎనిమిదోవంతు చొప్పున ఇస్తే 24 అడుగులకు 3 అంగుళాలు. మంచం వేస్తే నీళ్ళ గ్లాసు దొర్లుతుందని కాదు గానీ, గదిగా మార్చేటప్పుడు ఆ మూడంగుళాలను ఎత్తు చేసి సమం చేయాలి. అందుకు తగినంత ఎత్తు గోడల్లో ముందే ఉండాలి. అందుకని చుట్టూ నేలకంటే కొన్ని అంగుళాలు ఎత్తుగా కాంక్రీటు దిమ్మె పోయించి, దాని మీద చెక్క గోడ నిలపమన్నాను. చెక్కకు బయటి మన్నుకూ ఎనిమిదంగుళాల ఎడం ఉంటే చెదలకూ దూరం. తాతగారి సావిడిలోనూ గోడల చుట్టూ రాతి దిమ్మె ఉండేది.

మూడోది ఎవరూ చెప్పనిది, నేను స్వయంగా గొయ్యి తవ్వి తెలుసుకున్నది. మురుగు గొట్టం. గ్యారేజీకి మరుగుదొడ్డి ఎందుకని ఎవరూ ఆలోచించరు. మురుగు తనంతట తాను పోవాలంటే గొట్టం అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి. మా పెరటి మూల నుండి ఇంటి మురుగు గొట్టం కలిసే చోటికి 72 అడుగులు. అంటే 18 అంగుళాల దిగుడు కావాలి, పైగా మొదలే నేల కింద కొంత లోతున ఉండాలి. ఇంటి గొట్టం లోతు కొలిచి చూస్తే, అనుకున్న మట్టంలో గ్యారేజి నేల పోస్తే దిగుడు చాలదు. నేలను ఆరంగుళాలు ఎత్తు చేస్తే సరిపోతుంది. కాగితం మీద ఆరంగుళాలు ఎత్తడం రబ్బరు పెట్టి చెరిపినంత పని. పోసిన తరువాతైతే మురుగును పైకి తోడే పంపు పెట్టుకోవలసిందే, అది ఆగిపోయిన రోజున ఇల్లు విడిచి పోవలసిందే. కాబట్టి విడి గ్యారేజి కట్టే ప్రతివారూ తలుపు రంగు ఎంచుకునే ముందు తమ మురుగు గొట్టం లోతు కొలుచుకోవాలని నా మనవి.

ఎలాగూ కరెంటు కోసం ఇంటి నుండి పెరటి దాకా కందకం తవ్వుతారు. ప్లాస్టిక్ గొట్టంలో తీగలు వేస్తే 18 అంగుళాల లోతు, గొట్టం లేకుండా నేరుగా పాతే తీగకు 24 అంగుళాలు. (తవ్వేముందు 811కు ఫోను చేస్తే గ్యాసు, నీటి గొట్టాలు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి పోతారు. ఒక మిత్రుడు చేయలేదు. వీధంతా గ్యాసు ఆగింది. వివరాలు అడగకండి.) ఆ కందకం ఒక్కసారే తెరుచుకుంటుంది. అందులో తీగలున్న గొట్టంతో పాటు ఖాళీ గొట్టాలు మరో రెండు, మంచినీటి గొట్టం ఒకటి, లోతు కుదిరితే మురుగు గొట్టమూ వేసి రెండు కొసలా మూతలు బిగించవచ్చు. ఇన్‌స్పెక్టరు చూసేదాకా మట్టి కప్పకూడదు, ఏ గొట్టానికి మరో గొట్టం ఎంత ఎడంగా ఉండాలో ఆయన చెబుతాడు. కరెంటు తీగ మటుకు చిన్నది వేయకండి. కారుకు చార్జరు పెట్టినా, గదికి వంటపొయ్యి పెట్టినా కావలసింది పెద్ద తీగే.

తలుపు గురించి ఒక మాట. రెండు కార్లకూ కలిపి 16 అడుగుల ఒకే తలుపు పెట్టడం ఇక్కడ ఆచారం. నేను మధ్యలో స్తంభం పెట్టి, తొమ్మిదడుగుల తలుపులు రెండు అడిగాను. గ్యారేజి వెడల్పు కొంచెం పెంచవలసి వచ్చింది. భూకంపాల నేల ఇది. 1989 అక్టోబరు 17న లోమా ప్రియేటా భూకంపం వచ్చినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో మరీనా పేటలో కూలిన ఇళ్ళ ఫొటోలు చూడండి, కింది అంతస్తులో గ్యారేజి తలుపుల వల్ల గోడ లేని చోటే చాలావరకు ఒరిగిపోయాయి. పెద్ద ఖాళీ ఉన్న గోడ బలహీనమైన గోడ. ఇక రేపటి మాటకు వస్తే, రెండు తలుపుల్లో ఒకటి మూసి గోడా కిటికీ పెడితే సగం గది అవుతుంది, సగంలో కారు ఉంటుంది. వెనక గోడకు ఇప్పుడే ఒక పెద్ద కిటికీ. పడకగది కిటికీలోంచి మనిషి తప్పించుకుని బయటపడగలగాలి, దాని కింది అంచు నేల నుండి 44 అంగుళాలకు మించకూడదు. గ్యారేజి కిటికీకి ఆ నియమం లేదు, కానీ అదే కొలతకు పెట్టడానికి ఎవరూ అడ్డం రారు.

చలి రాష్ట్రాల మిత్రులకు మరో హెచ్చరిక. నేల గడ్డకట్టి ఉబ్బే చోట్ల పునాది ఆ గడ్డ లోతు దాటి పోవాలి. మిన్నెసోటాలో దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు. అయితే 600 చదరపు అడుగులకు మించని తేలికపాటి విడి గ్యారేజీకి ఆ లోతు పునాది అక్కరలేదని నమూనా నిబంధనావళిలో మినహాయింపు ఉంది, చాలాచోట్ల నేల మీద తేలే పలక పోసి ఊరుకుంటారు. కారుకు ఫరవాలేదు. ఇల్లు చేయబోయిన రోజున పునాదే లేదని తేలుతుంది.

నేను పాటిస్తున్న నియమం ఇంతే. తర్వాత పెట్టుకోగలిగిందేదీ ఇప్పుడు పెట్టను. గోడల్లో దూది, లోపలి పలకలు, గచ్చు, వంటగట్టు ఇవేవీ లేవు. తర్వాత పెట్టలేనివి మాత్రం మానను. ఈ లెక్కన మా అంచనా ఖర్చు పెరిగింది గానీ, పెరిగినదంతా మట్టిలోకే పోయింది, చూడవచ్చిన చుట్టాలకు చూపించడానికి ఏమీ లేదు. మా ఆవిడ అభ్యంతరమూ అదే.

ఒక మిత్రుడు దీన్ని తప్పుపట్టాడు. "ఉంటే ఇల్లే కట్టు, అద్దెకివ్వు, లేకపోతే గ్యారేజీ కట్టి ఊరుకో. ఈ అర్ధనారీశ్వరం ఏమిటి?" అన్నాడు. వాదనలో బలం ఉంది. ఇల్లయితే అద్దె వస్తుంది. ఆస్తిపన్ను పెరుగుతుందన్న భయం కూడా అంత నిజం కాదు, కొత్తగా కట్టిన భాగానికే విలువ కడతారు, పాత ఇంటి విలువ ముట్టుకోరు. కానీ ఇల్లు కట్టే డబ్బు నా దగ్గర లేదు, అప్పు చేసి ఇంటి యజమాని వేషం వేసే ఓపికా లేదు. నాకు కావలసింది నిర్ణయాన్ని వాయిదా వేసుకునే హక్కు. దానికి ఓ పట్టా, ఆరంగుళాల మట్టం, నాలుగు గొట్టాలు చాలునంటున్నాను.

మరొకరు మరీ తేలికగా, "ఇవన్నీ ఎందుకు, కార్పెట్టు పరిచి హీటరు పెడితే గది కాదూ?" అన్నారు. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. మనవాళ్ళ ఇళ్ళలో నేను చూశాను. పిల్లల గదులు పిల్లలకే ఉంటాయి, అతిథి గది ఆఫీసు గది అవుతుంది, ఆరునెలలకు వచ్చిన తల్లినో తండ్రినో కారు తలుపు సందుల్లోంచి చలిగాలి కొట్టే గ్యారేజీలో పడుకోబెడతారు. గోడకు అవతల నీళ్ళు కాచే యంత్రం మండుతూ ఉంటుంది. విషవాయువు వాసన రాదు. బయటపడే కిటికీ ఉండదు. అనుమతి అడిగితే ఇవ్వరు కాబట్టి అడగరు. అది గది కాదు.

ఇంత కోపం ఎందుకంటే నేనూ ఆ పని చేయబోయినవాణ్ణే. అమ్మ పోయిన మరుసటి ఏడు నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. రెండే పడకగదులు. ఆయనకు హాల్లో మడత సోఫా. పిల్లలు రాత్రి పదకొండింటిదాకా అక్కడే చదువుకునేవారు, ఆయన పెరట్లో కుర్చీ వేసుకుని చలిలో కూర్చునేవారు. నిద్ర రావడం లేదనేవారు. వాళ్ళు పుస్తకాలు మూయడం కోసం ఎదురుచూస్తున్నారని గ్రహించడానికి నాకు రెండు నెలలు పట్టింది. గ్యారేజి ఖాళీ చేసి మంచం వేద్దామని కొలతలు కూడా తీసుకున్నాను. నేను టేపుతో కొలుస్తుంటే ఆయన వాకిట్లో నిలబడి చూశారు, ఏమీ అనలేదు. ఆరునెలలు ఉండవలసినవారు నాలుగో నెలలోనే టిక్కెట్టు మార్పించుకున్నారు. కోతలప్పుడు ఊళ్ళో లేకపోతే ఎలాగన్నారు. పొలం కౌలుకిచ్చి అప్పటికే పదేళ్ళయింది.

ఇప్పుడాయనకు 79. మళ్ళీ వస్తారో రారో నాకు తెలియదు, వచ్చినా ఆరునెలలకు మించి ఉండనివ్వరు, పచ్చకార్డు తీసుకుందామంటే వద్దంటారు. కనుక ఇది ఆయన కోసమే కడుతున్నానని చెబితే నాకు నేను అబద్ధం చెప్పుకున్నట్లే. ఆయన రాకపోతే ఏ ఇరవయ్యేళ్ళకో పెద్దవాడికి ఇల్లు అప్పగించి ఆ పెరటి గదిలోకి మేమిద్దరమే పోవచ్చు. అప్పటికి మా ఇద్దరికీ మెట్లు ఎక్కే మోకాళ్ళు ఉండవు. అందుకే పక్క తలుపుకు గడప లేకుండా, మూడడుగుల వెడల్పుతో పెట్టమన్నాను.

ప్లాను నగరపాలక కార్యాలయంలో ఇచ్చి వచ్చాను. దరఖాస్తులో ఉపయోగం అన్న గడిలో గ్యారేజి అనే వ్రాశాను, ఈనాటికి అదే నిజం. గొట్టాలన్నిటినీ చూపించాను. కిటికీలో కూర్చున్నావిడ వాటిని పెన్సిలుతో లెక్కపెట్టి, "మీ కారు స్నానం చేస్తుందా?" అని అడిగి ముద్ర కొట్టింది.

ఆ కాగితాన్నే ఫొటో తీసి నాన్నగారికి పంపాను. వాస్తు గురించి అడుగుతారనుకున్నాను. వాహనం వాయవ్యంలో ఉండాలంటారు గదా, మాది నైరుతి మూల, జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన ఒక రోజంతా ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఫోను చేసి, పక్క తలుపు ముందు మూడడుగుల జాగా వదిలేశారేమిటని అడిగారు. నగరం వదలమన్నది నాన్నగారూ, ఏమీ కట్టకూడదు అన్నాను.

"కట్టొద్దులే. రెండంగుళాలు ఎత్తుగా గచ్చు చేయించు. కుర్చీ వేసుకుంటే కాళ్ళకు బురద అంటకుండా ఉంటుంది," అన్నారు.

కాంట్రాక్టరుకు చెప్పాను. కాంక్రీటు బండి వచ్చే గురువారం వస్తుంది.